బైక్ ఇంజిన్ పెట్టిన కారుకి పొల్యూషన్ ఏ లెక్కన చూస్తారు?

నమస్కారమండీ. మాది పలాస దగ్గర పల్లె. మా బావ రెండేళ్లు కుస్తీ పట్టి ఇద్దరు కూర్చునే చిన్న కారు కట్టాడు. ఇనుప పైపుల చట్రం, 2008 మోడల్ పల్సర్ 150 ఇంజిన్, దాని కార్బురేటరే. జీడితోటల్లో బాగానే తిరుగుతోంది. రివర్స్ గేరు లేదు, దిగి తోసుకోవాల్సిందే!

ఇప్పుడు దాన్ని రోడ్డెక్కిస్తానంటాడు. మా అక్కకి ఒకటే టెన్షన్. పొల్యూషన్ చూసేవాళ్లు నంబరు లేనిదే సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. బతిమాలితే ఊరికే చూసి, ఐడిల్‌లో, అంటే బండి నిలబెట్టి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే, పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు) 2.1 శాతం అన్నారు. 2000 తర్వాత, బీఎస్-4 అనే పొగ నిబంధనలకి ముందు వచ్చిన ఫోర్ స్ట్రోక్ బైకులకి 3.5 దాకా ఒప్పుకుంటారు కాబట్టి ఆ లెక్కన పాసే. బీఎస్-4 పెట్రోల్ కారుకైతే 0.3 మాత్రమే, అంటే మనది ఏడు రెట్లు. మరి చక్రాలు లెక్కపెడతారా, ఇంజిన్ వయసు చూస్తారా?

బ్రిటన్‌లో ఇలాంటి ఒక్క బండికి కూడా ఐవీఏ అనే పరీక్ష ఉంది. మన దగ్గర కంపెనీలు ఏఆర్ఏఐ (బండ్లని పరీక్షించే సంస్థ) లాంటి చోట మోడల్‌ని పాస్ చేయించుకుంటాయి. ఇంట్లో కట్టిన ఒక్క బండిని అలా పంపి, శ్రీకాకుళం ఆర్టీవోలో నంబరు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఖర్చు ఎంతైంది? కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పండి, బావకి చూపిస్తాను.