హన్మకొండలో 3 కిలోవాట్ల సోలార్: మూడు కొటేషన్లలో ఏది తీసుకోవాలి? (ఫోరమ్ చర్చ; ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి పేరు)

ఓరుగల్లు మేడ

జీ ప్లస్ వన్ ఇల్లు, సింగిల్ ఫేజ్, కాంట్రాక్టెడ్ లోడ్ (కనెక్షన్‌కు మంజూరైన లోడ్) 2 కిలోవాట్లు. వాడకం సగటున నెలకు 350 యూనిట్లు. మే నెలలో 480 దాకా పోతుంది, చలికాలంలో 240కి దిగుతుంది. ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టిద్దామని మూడు కొటేషన్లు తీసుకున్నాం.

మొదటిది రూ.1,92,000, జీఎస్టీ అదనం. 540 వాట్ల మోనో పెర్క్ (పాత తరం సెల్) బైఫేషియల్ (రెండు వైపులా వెలుగు తీసుకునే) ప్యానెళ్లు ఆరు, 3 కిలోవాట్ల ఇన్వర్టర్, ముందు కాలు 3 అడుగులుండే జీఐ (జింక్ పూత ఇనుము) స్ట్రక్చర్. కేబుల్ దగ్గర "సైట్‌ను బట్టి" అని మాత్రమే రాశారు.

రెండోది అన్నీ కలిపి రూ.2,18,000. 580 వాట్ల టాప్‌కాన్ (కొత్త తరం సెల్) ప్యానెళ్లు ఆరు, 3 కిలోవాట్ల ఇన్వర్టర్, 8 అడుగుల ఎత్తులో హాట్ డిప్ స్ట్రక్చర్. ప్యానెల్ డీసీఆర్ (దేశీ తయారీ) అని రాసి ఉంది.

మూడోది "సబ్సిడీ పోను" రూ.1,48,000. 550 వాట్లవి ఆరు. డీసీఆర్ మాట ఎక్కడా లేదు.

మేడ మీద దక్షిణం వైపు వాటర్ ట్యాంక్ ఉంది, దాని పైభాగం 8 అడుగుల ఎత్తు. కోతులు రోజూ వస్తాయి. ఇన్వర్టర్ నుంచి కింద మీటరుకు కేబుల్ 22 మీటర్లు పడుతుంది. మూడోదే చవకగా కనిపిస్తోంది. దాన్నే ఖాయం చేసుకోవచ్చా?

కరెంటు లెక్క

ఆగన్నా, ముందు మూడింటినీ ఒకే తూకంలోకి తేవాలి. పన్నుతో కలిపి, సబ్సిడీ తీయకముందు ధర ఎంతో రాసుకుని, దాన్ని ప్యానెళ్ల మొత్తం వాట్లతో భాగించు.

మొదటిదానికి జీఎస్టీ కలపాలి. సోలార్ కాంట్రాక్టులో 70 శాతం సరుకుగా, 30 శాతం సర్వీసుగా లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, సర్వీసు మీద 18 శాతం అలాగే ఉంది. రెండూ కలిస్తే సగటు 8.9 శాతం. అంటే రూ.2,09,088, వాటుకు 64 రూపాయల 50 పైసలు. ఎవరైనా 13.8 శాతం వేస్తే అది పాత లెక్క, ఒప్పుకోవద్దు.

రెండోది 3,480 వాట్లకు 2,18,000, వాటుకు 62 రూపాయల 65 పైసలు. మూడోదానికి వాళ్లు తీసేసిన 78,000 మళ్లీ కలిపితే 2,26,000. 3,300 వాట్లతో భాగిస్తే వాటుకు 68 రూపాయల 50 పైసలు. చవకగా కనిపించిందే అన్నిటికన్నా ఖరీదు.

మూడోదాంట్లో ఇంకో చిక్కు ఉంది. సబ్సిడీ రావాలంటే సెల్స్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైనవే అయ్యుండాలి, డీసీఆర్ అంటే అదే. అది కొటేషన్‌లో రాయకుండా నాన్ డీసీఆర్ సరుకు బిగిస్తే ఆ 78,000 రావు. సబ్సిడీ వెండర్‌కు కాదు, నెట్ మీటర్ (తీసుకున్న, పంపిన కరెంటు రెండూ లెక్కించేది) పడి కమిషనింగ్ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి "సబ్సిడీ పోను" అని రాసిన ధరలో, ఆ డబ్బు రాకపోతే పోయేది మీ డబ్బే. డీసీఆర్ సర్టిఫికెట్ ఇస్తామని, సీరియల్ నంబర్లన్నీ ఇన్వాయిస్‌లో వేస్తామని రాయించుకోండి. మొదటి వెండర్‌ను కూడా డీసీఆర్ గురించి అడగాలి.

సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడో కిలోవాటుకు 18,000, ఆపైన ఏమీ లేదు. ప్యానెళ్లు, ఇన్వర్టర్ రెండింటిలో ఏ సామర్థ్యం తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఎవరైనా ఐదు ప్యానెళ్లతో 2.75 కిలోవాట్లు పెట్టి, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఉంది కదా అన్నా వచ్చేది 73,500 మాత్రమే.

ఎర్తింగ్ పిట్

ధర సంగతి తేలింది. నేనైతే ప్యానెల్ బ్రాండు కన్నా స్ట్రక్చర్, వైరింగే ఎక్కువ చూస్తాను. పాతికేళ్లు ఎండలో, వానలో నిలవాల్సినవి అవే.

"జీఐ" అనే మాట ఒక్కటే చాలదు. బజార్లో దొరికే జీపీ పైపు మీద జింక్ పొర చాలా పల్చన. హాట్ డిప్ అంటే కోసి, బెజ్జాలు పెట్టి, వెల్డింగ్ అయ్యాక మొత్తాన్ని జింక్‌లో ముంచినది. 80 మైక్రాన్లు ఉండాలని రాయించుకుని, సరుకు దిగిన రోజు మైక్రాన్ గేజ్‌తో నాలుగు చోట్ల చూపించమనండి. కొందరు హాట్ డిప్ సరుకే తెచ్చి మేడ మీద కటింగ్ వీల్‌తో కోస్తారు, వెల్డింగ్ కొడతారు. వెల్డింగ్ పడిన చోట జింక్ కాలిపోతుంది, పైన సిల్వర్ పెయింట్ పూసి కప్పేస్తారు. రెండు వానాకాలాలు పోయాక అతుకుల దగ్గర పెయింట్ పొక్కులు లేచి, కింద గోధుమ రంగు చారలు దిగుతాయి. సైట్‌లో బోల్టు జాయింట్లే ఉండాలి, వెల్డింగ్ వద్దు.

8 అడుగుల స్ట్రక్చర్ అయితే కాళ్లు బీముల మీద, వీలైతే పిల్లర్ల మీద నిలవాలి. స్లాబ్ మధ్యలో పెట్టి కాంక్రీట్ దిమ్మె పోస్తే గాలికి ఆగదు. బేస్ ప్లేటుకు నాలుగు కెమికల్ యాంకర్లు (రసాయన జిగురుతో బిగించే బోల్టులు), దాని మీద దిమ్మె, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్. యాంకర్ వేసిన చోట ఆ పని ఎగ్గొడితే కింద గది సీలింగ్‌లో చెమ్మ కనిపించేదాకా తెలియదు. విశాఖ వైపు వాళ్లు ఇది చదువుతుంటే: కట్టడాల మీద పడే భారాల ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 29 శాతం ఎక్కువ. హైదరాబాద్ డ్రాయింగ్‌నే అక్కడ వాడకూడదు.

డీసీ కేబుల్ (ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వచ్చేది) టిన్ పూత ఉన్న రాగిది, 4 చదరపు మిల్లీమీటర్లు, సోలార్‌కని తయారైనదే కావాలి. కోతులు గ్లాసును ఏమీ చేయలేవు గానీ వేలాడే వైరును లాగుతాయి. ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ సగం ఊడొస్తుంది, ఆ సందులో ఆర్క్ (నిప్పు మెరుపు) లేచి కాలిపోతుంది. కాబట్టి కేబుల్ అంతా కాండ్యూట్ పైపులో పోవాలి, ప్లాస్టిక్ టైలు కాకుండా స్టీల్ టైలు వేయించండి. ఒక కంపెనీ ఎంసీ4 ఆడదాన్ని వేరే కంపెనీ మగదానితో కలపొద్దు. చూడటానికి బిగుసుకుంటాయి గానీ లోపల కాంటాక్ట్ సరిగా కుదరక వేడెక్కుతాయి. డీసీ వైపు మామూలు ఏసీ ఎంసీబీ పెట్టేవాళ్లున్నారు. డీసీలో కరెంటు సున్నాకు రాదు, ఆర్క్ ఆరదు, బాక్సే అంటుకుంటుంది. డీసీడీబీ (డీసీ వైపు బాక్సు) తెరిపించి లోపలి ఫ్యూజు, ఎస్పీడీ (సర్జ్ నుంచి కాపాడేది) రెండూ డీసీవేనా అని కళ్లతో చూడండి.

ఏసీ కేబుల్: 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు. 22 మీటర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే దాదాపు నాలుగున్నర వోల్టులు, 6 వేస్తే రెండు వోల్టుల లోపే తేడా. మధ్యాహ్నం వీధిలో వోల్టేజీ ముందే ఎక్కువుంటే ఆ తేడా దాని మీద పడి, మంచి ఎండలోనే ఇన్వర్టర్ ఓవర్ వోల్టేజ్ అని ట్రిప్ అవుతుంది. 6 చదరపు మిల్లీమీటర్లు అని కొటేషన్‌లో ఉండాలి. ఎర్తింగ్ పిట్‌లు మూడు: ప్యానెళ్లు, స్ట్రక్చర్‌కు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్‌కు విడిగా ఒకటి.

ఓరుగల్లు మేడ

చాలా థ్యాంక్స్ అన్నా. మూడోదాన్ని పక్కన పెట్టేశాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. మొదటి 2 కిలోవాట్లకే సబ్సిడీ ఎక్కువ కదా, 2తో సరిపెట్టుకోవచ్చా? కరెంటు పోయినప్పుడు సోలార్ నడుస్తుందా?

శ్లాబు మార్పు

మీ వాడకానికి 3 కిలోవాట్లే సరి. సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు, అంటే 3 కిలోవాట్లకు నెలకు సుమారు 360. తెలంగాణ ఇళ్ల టారిఫ్‌లో 200 యూనిట్ల గీత ముఖ్యం. గీత లోపల మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు 4.80. 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు రూ.820. గీత దాటితే మొదటి 200కూ 5.10 పడుతుంది, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, తర్వాత 800 వరకు 9.50.

మే నెలలో మీ 480 యూనిట్లకు ఇప్పుడు రూ.3,450. 2 కిలోవాట్లు పెడితే నికరంగా 240 మిగులుతాయి, గీత దాటినట్టే, రూ.1,328. 3 కిలోవాట్లతో మిగిలేది 120 యూనిట్లే, రూ.436. సగటు నెలలో 2 కిలోవాట్లూ ఫరవాలేదు, ఎండాకాలంలోనే తేడా తెలుస్తుంది. 4 మాత్రం వద్దు. నాలుగోదానికి సబ్సిడీ లేదు, మిగులు యూనిట్లకు ఇచ్చే రేటు మీరు కట్టే రేటుకన్నా తక్కువ. కాంట్రాక్టెడ్ లోడ్ 2 ఉంది కాబట్టి 3కి పెంచే పని, దాని ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

కరెంటు పోతే గ్రిడ్ టై ఇన్వర్టర్ (వీధి లైన్‌తో కలిసి నడిచేది) కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. కోతలున్నప్పుడూ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. రోజుకు గంట కోతకు ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీనే ఉంచుకోవడం మేలు.

సింగిల్ ఫేజ్

టాప్‌కాన్ వేడికి తక్కువ నష్టపోతుందని ఊదరగొడతారు. మే ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే పెర్క్‌లో సుమారు 14 శాతం, టాప్‌కాన్‌లో 12 శాతం పోతుంది. తేడా రెండు శాతమే. ఏటా తగ్గే లెక్కలో మాత్రం టాప్‌కాన్ మెరుగు, సాధారణంగా ఏడాదికి 0.4 శాతం, పెర్క్‌కు 0.55. రెండోది వాటుకు ధర కూడా తక్కువ కాబట్టి దాని వైపే నా మొగ్గు. ఒక్కటి చూడండి: 580 వాట్ల ప్యానెల్ కరెంటు 13 ఆంపియర్లు దాటుతుంది. ఇన్వర్టర్ డేటా షీట్‌లో ఎంపీపీటీ (ప్యానెళ్ల కరెంటు తీసుకునే భాగం) గరిష్ఠ కరెంటు 12.5 అని ఉంటే మధ్యాహ్నం ఉత్పత్తిలో కోత పడుతుంది, 16 ఉన్న మోడల్ అడగండి.

ట్యాంక్ నీడ: డిసెంబర్‌లో మీ దగ్గర ఉదయం 9కి నీడ ఎత్తుకు ఒకటిముప్పావు రెట్లు, వాయవ్యం వైపు పడుతుంది. ప్యానెల్ కింది అంచే 8 అడుగుల ఎత్తున ఉంటే ఆ ట్యాంక్ నీడ తగలదు, 3 అడుగుల స్ట్రక్చర్ అయితే తొమ్మిది అడుగుల దూరం వదలాలి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు గట్టిపడతాయి, తెల్లవారుజామున మంచి నీళ్లతో, మెత్తటి మాప్‌తో తుడవండి. చెల్లింపులో చివరి 10 శాతం నెట్ మీటర్ తిరిగే రోజుదాకా మీ దగ్గరే ఉంచుకోండి.