షాపులో బాహాటంగా అమ్ముతున్న డెల్టా-8 గమ్మీలు వేసుకున్నాను, ఇప్పుడు భయంగా ఉంది

ప్రశ్న (డాలస్ కుర్రాడు):
ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద అమెరికాలో పని చేసుకునే అనుమతి) మీద ఉన్నాను. ఉద్యోగం దొరకని టెన్షన్‌తో మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు. అపార్ట్‌మెంట్ పక్క స్మోక్ షాపులో డెల్టా-8 అనే పదార్థం కలిపిన జెల్లీ మిఠాయిలు, అదే గమ్మీలు, కొన్నాను. డబ్బా మీద ‘హెంప్ నుంచి తీసినది, 2018 ఫార్మ్ బిల్లు ప్రకారం చట్టబద్ధం’ అని ఉంది. హెంప్ అంటే మత్తు బాగా తక్కువున్న గంజాయి జాతి మొక్క, ఫార్మ్ బిల్లు అంటే ఇక్కడి వ్యవసాయ చట్టం. అసలు గంజాయి కాదు కదా అని వారానికి రెండు మూడు వేసుకున్నాను. నిన్న ఆఫర్ వచ్చింది, మంగళవారం డ్రగ్స్ కోసం యూరిన్ టెస్ట్. శనివారం అమ్మ ఇండియా వెళ్తోంది. మోకాళ్ల నొప్పికి పనికొస్తుందేమోనని ఒక డబ్బా తన సూట్‌కేసులో పెట్టాను. ఏమైనా తప్పు చేశానా?

జవాబు 1 (పద్మక్క):
తమ్ముడూ, ముందు లేచి ఆ డబ్బా సూట్‌కేసులోంచి తీసెయ్. మిగతాది తర్వాత చదువు.

మా తమ్ముడు సరిగ్గా ఇలాగే ఒక ఆఫర్ పోగొట్టుకున్నాడు, అందుకే ఇంత చెబుతున్నాను. టెస్ట్ చూసేది నువ్వు ఏ షాపులో కొన్నావని కాదు, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఒంట్లో విరిగాక మిగిలే పదార్థాన్ని. డెల్టా-8 కూడా టీహెచ్‌సీలో ఒక రకమే, దానికీ టెస్ట్ పాజిటివ్ చూపించవచ్చు. సీబీడీకి (హెంప్‌లో ఉండే, మత్తెక్కించని పదార్థం) యాసిడ్ కలిపి డెల్టా-8 తయారు చేస్తారు కాబట్టి కొంత డెల్టా-9 (గంజాయిలో ఉండే అసలు టీహెచ్‌సీ రకం) కూడా అందులో మిగిలిపోవచ్చు.

ఇక ఆ ‘చట్టబద్ధం’ సంగతి. 2018 చట్టం చెప్పింది ఒక్కటే: ఎండిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని. ఆకుకి అది చాలా తక్కువే. గమ్మీకి లెక్క కట్టి చూడు: 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. మత్తెక్కడానికి అది చాలు! డెల్టా-8 ఊసే చట్టంలో లేదు. 2022లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఒకటి) కూడా ఆ మాటల్ని బట్టే డెల్టా-8 వైపు తీర్పిచ్చింది. ఆ సందులోంచే ఇంత వ్యాపారం పుట్టింది. 2025 నవంబర్ 12న సంతకమైన చట్టం దాన్ని మూసేసింది: డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రాముల టీహెచ్‌సీయే పరిమితి, ఫ్యాక్టరీలో మార్చి చేసినవాటికి చోటే లేదు. అమలుకు ఏడాది గడువిచ్చారు. టెక్సాస్‌లో అదే ఏడాది జూన్‌లో నిషేధ బిల్లును గవర్నర్ వీటో చేశారు, కానీ నీ వీసా నడిచేది ఫెడరల్ (కేంద్ర) చట్టం మీద.

జవాబు 2 (న్యాయవిద్యార్థి):
అక్క చెప్పిన వీసా మాటకి ఇంకొకటి. నిషేధిత మాదకద్రవ్యం వాడానని ఒప్పుకుంటే, కేసూ శిక్షా లేకపోయినా ఇమిగ్రేషన్‌లో ప్రవేశం నిరాకరించే వీలుంది. అబద్ధం అసలే చెప్పకు, అది ఇంకా పెద్ద ముప్పు. ఎవరికైనా ఏదైనా రాసిచ్చే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడు.

ఇండియాలో 1985 ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) టీహెచ్‌సీని సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే, పదార్థంగా చూస్తుంది. ఇక్కడి ఫార్మ్ బిల్లు అక్కడి కస్టమ్స్ వాళ్లకు వర్తించదు. అమ్మగారు ‘మా అబ్బాయి పెట్టాడు’ అంటే వినరు.

డాలస్ కుర్రాడు:
తీసేశాను అక్కా. అమ్మకి కూడా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ‘నిద్ర పట్టట్లేదని నాకెందుకు చెప్పలేదురా’ అంది. రేపు పొద్దున లాయర్ అపాయింట్‌మెంట్ దొరికింది.

పద్మక్క:
మంచి పని చేశావు. నిద్ర కోసం యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లు, ఓపీటీ వాళ్లని చూస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కో. లాయర్ ఏమన్నారో ఇక్కడ రాయి.