ఫోర్డ్ లైట్నింగ్ ఆపేసింది కదా, ఇప్పుడు రివియన్ షేరు కొనొచ్చా?

ఫ్రిస్కో వాసు:
నమస్తే అందరికీ. 2025 డిసెంబర్‌లో ఫోర్డ్ వాళ్లు తమ పికప్ ఎఫ్-150 లైట్నింగ్‌ను పూర్తి ఎలక్ట్రిక్ బండిగా ఇక చెయ్యమని చెప్పేశారు. ఈవీల మీద 19.5 బిలియన్ డాలర్లు నష్టం కింద రాసుకుంటున్నామన్నారు. టెస్లా సైబర్‌ట్రక్ ఎలా అమ్ముడవుతోందో చూస్తూనే ఉన్నాం. అంటే ఎలక్ట్రిక్ పికప్‌లో గట్టిగా నిలబడింది రివియన్ ఒక్కటే, పైగా వాళ్ల చిన్న ఎస్‌యూవీ ఆర్2 2026లో రోడ్డెక్కుతుందన్నారు. ఐపీఓలో 78కి ఇచ్చిన షేరు ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు. నా దగ్గర బోనస్ డబ్బు ఉంది. కొనొచ్చా? షేర్లు పట్టుకుని ఉన్నవాళ్లు చెప్పండి.

ట్రైలర్ శ్రీను:
వాసు గారూ, నేను రివియన్ పికప్ ఆర్1టీ నడుపుతున్నా కాబట్టి చెప్తున్నా, బండికి వంక పెట్టలేం. క్యాబిన్‌కీ వెనక తొట్టికీ మధ్య ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక పొడుగాటి అర ఉంటుంది, గేర్ టన్నెల్ అంటారు. ఆదివారం లీగ్ మ్యాచ్‌కి వెళ్తే ప్యాడ్లు, బ్యాట్లు, స్టంపులతో సహా కిట్ బ్యాగ్ అందులోకి దూరిపోతుంది, తొట్టి ఖాళీగానే ఉంటుంది. లైట్నింగ్ అలా కాదు, పెట్రోల్ బండి రూపానికే బ్యాటరీ పెట్టారు. ఇది మొదటినుంచీ ఎలక్ట్రిక్ బండిగానే తయారైంది, 11,000 పౌండ్లు లాగుతుంది. ఇలాంటి బండి చేసే కంపెనీ మునగదు.

నల్గొండ బిడ్డ:
జీఎం పికప్‌లు సిల్వరాడో ఈవీ, సియెర్రా ఈవీ ఏమయ్యాయన్నా? జీఎం ఉందనే సంగతి మర్చిపోయారు.

కృష్ణాతీరం:
బండి బాగుంటే షేరు బాగుంటుందని ఎవరు చెప్పారండీ? 2021 నవంబర్ 10న రివియన్ లిస్టయింది, ఐపీఓ ధర 78, మార్కెట్ తెరిచేసరికి 106.75, వారం తిరక్కుండా 179 తాకింది. అప్పటికి వాళ్లు జనానికి ఇచ్చిన బండ్లు పట్టుమని వెయ్యి కూడా లేవు, విలువ మాత్రం ఫోర్డ్‌ను దాటేసింది. ఆర్1టీ అప్పుడూ బాగానే ఉంది, ఇప్పుడూ బాగానే ఉంది. కూలింది షేరు. 2023లో 57,232 బండ్లు చేస్తే 2024లో 49,476కి తగ్గాయి. నష్టం 2023లో 5.4 బిలియన్లు, 2024లో 4.7 బిలియన్లు. ఫోక్స్‌వాగన్ 5.8 బిలియన్ల దాకా పెడతానని ఒప్పుకోబట్టి ఊపిరి ఆడుతోంది. డబ్బు అయిపోయినప్పుడల్లా అప్పు తేవాలి, లేదా కొత్త షేర్లు ముద్రించి మన వాటా పలచన చెయ్యాలి. వాసు గారూ, మీరు కొనేది బండిని కాదు, ఈ లెక్కని.

చార్ట్ చూడు:
సైబర్‌ట్రక్‌ని అందరూ తిట్టడమే. 2024లో కాక్స్ ఆటోమోటివ్ అంచనా ప్రకారం దాదాపు 39,000 అమ్మారు, లైట్నింగ్ 33,510. గెలిచింది ఎవరు మరి?

నల్గొండ బిడ్డ:
పది లక్షలకు పైగా బుకింగులున్నాయని మస్క్ స్వయంగా చెప్పాడు బ్రో. ధర 39,900 డాలర్లని 2019లో చూపించి 2023లో డెలివరీలు మొదలయ్యేసరికి 60,000 దాటించారు. పై పలక ఊడిపోతోందని 2025 మార్చిలో రీకాల్ చేసినప్పుడు మొత్తం బండ్లు 46,096. బుక్ చేసిన మిగతావాళ్లంతా ఏమైనట్టు?

చార్ట్ చూడు:
నేను అడిగింది లైట్నింగ్ కంటే ఎక్కువా కాదా అని. ఎక్కువే. అయినా టెస్లా షేరుకి ట్రక్‌తో పనేంటి?

ట్రైలర్ శ్రీను:
పెద్ద ట్రైలర్ తగిలిస్తే ఏ ఎలక్ట్రిక్ పికప్‌కైనా రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది, అది ఒప్పుకుంటా. చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, బండి ఒక్కదాన్నే లోపలికి పోనిచ్చి, చార్జ్ అయ్యాక మళ్లీ తగిలించుకోవాలి. ఇది మూడు బండ్లకీ ఉన్న బాధే, అందులో రివియన్‌ని మాత్రమే అనడం అన్యాయం.

కృష్ణాతీరం:
ట్రైలర్ సంగతి ఎవరూ అడగలేదు. వాసు గారు అడిగింది పట్టుకున్నవాళ్లు చెప్పమని. శ్రీను గారూ, మీ దగ్గర ఇప్పుడు రివియన్ షేర్లు ఎన్ని ఉన్నాయి?

సావిత్రి ఎన్‌జే:
మధ్యలో ఒక మాట. పాత షేర్లు నష్టానికి అమ్మి కొత్తగా కొనేవాళ్లు జాగ్రత్త. అమ్మిన రోజుకి ముందూ వెనకా 30 రోజుల్లో అదే షేరు కొంటే వాష్ సేల్ కిందికి వస్తుంది, ఆ నష్టం ఈ ఏడాది ట్యాక్స్‌లో చూపించుకోలేరు. చూపించుకున్నా జీతం మీద ఏడాదికి 3,000 డాలర్ల వరకే.

ట్రైలర్ శ్రీను:
2024 నాలుగో క్వార్టర్‌లో రివియన్ మొదటిసారి గ్రాస్ ప్రాఫిట్ చూపించింది, అంటే అమ్మకాల్లోంచి తయారీ ఖర్చు తీసేస్తే మిగిలింది, 170 మిలియన్లు. అది చెప్పరేం మీరు?

కృష్ణాతీరం:
చెప్తాను. ఆ క్వార్టర్‌లోనే రెగ్యులేటరీ క్రెడిట్స్, అంటే నిబంధనలు అందుకోలేని వేరే కార్ల కంపెనీలు కొనుక్కునే పాయింట్లు, అమ్మితే వచ్చింది 299 మిలియన్లు. అది తీసేస్తే మళ్లీ మైనస్సే. మైలేజీ నిబంధన తప్పిన కంపెనీలకు జరిమానా ఉన్నన్నాళ్లే ఆ క్రెడిట్లకు గిరాకీ. 2025 జూలైలో చట్టం మార్చి ఆ జరిమానాను సున్నా చేశారు. ఈవీ కొన్నవాళ్లకిచ్చే 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో పోయింది. ఇక షేర్లు ఎన్నున్నాయో చెప్పండి.

ట్రైలర్ శ్రీను:
నా పోర్ట్‌ఫోలియో మీకెందుకండీ? దివాలా తీసిన ట్రక్ కంపెనీలు నికోలా, లార్డ్స్‌టౌన్‌ల గాటన రివియన్‌ని కట్టెయ్యాలని చూస్తున్నారు మీరు. నికోలా వాళ్లు బండిని వాలులో దొర్లించి అదే నడుస్తున్నట్టు వీడియో తీశారు. ఇక్కడ నిజమైన బండి ఉంది, ఇల్లినాయ్‌లో నార్మల్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉంది, అమెజాన్‌కి వ్యాన్లు వెళ్తున్నాయి.

కృష్ణాతీరం:
నికోలా పేరు నేనెత్తలేదు, మీరే ఎత్తారు. ఆ నికోలా కూడా 2020 జూన్‌లో ఒక రోజు ఫోర్డ్‌ను దాటింది. అసలు బండే లేనప్పుడు దాటిందంటే, బండిని చూసి షేరు కొనమనే మాటకు అర్థమేముంది? మళ్లీ అడుగుతున్నా, మీ దగ్గర షేర్లున్నాయా లేవా?

ట్రైలర్ శ్రీను:
లేవు. 2021 డిసెంబర్‌లో అమ్మేశాను. ఆర్1టీ ముందే బుక్ చేసుకున్నవాళ్లకి ఐపీఓ ధరకే షేర్లు ఇచ్చారు, 78కి తీసుకున్నా, 100 దాటి ఉండగా అమ్మా. దొంగతనం చేశానా?

కృష్ణాతీరం:
ఇన్నేళ్లకు నోరు విప్పావు. ఆ నవంబర్‌లో ఇక్కడే "ఇదే తర్వాతి టెస్లా, వదులుకోకండి" అని రోజూ రాసింది నువ్వే. మా బావ అది చదివి 150 దగ్గర కొన్నాడు, తెనాలి దగ్గర పొలం అమ్మగా వచ్చిన వాటా డబ్బు అది. నీకు 78, మాకు 150, అదీ ఎవరూ చెప్పలేదు. నువ్వు అమ్మిన రోజున ఒక్క లైను రాసి ఉంటే ఆయన కూడా అప్పుడే బయటపడేవాడు. పడిపోతుంటే ఇంకా కొన్నాడు, శ్రీను పట్టుకునే ఉన్నాడు కదా అని. మా అక్క ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతుంది.

ట్రైలర్ శ్రీను:
మీ బావగారి విషయం బాధాకరమే. కానీ నేనెవరి చెయ్యీ పట్టుకుని కొనిపించలేదు. బండి గురించి రాశా, ఇప్పుడూ అదే రాస్తున్నా. అమ్మినప్పుడల్లా డప్పు కొట్టాలంటే ఇక్కడ ఎవరూ ఏమీ రాయరు.

సావిత్రి ఎన్‌జే:
శ్రీను గారూ, కొన్నప్పుడు రాశారు కదా. అమ్మినప్పుడు రాయడం దానికంటే కష్టమేం కాదు. బండి మెచ్చుకోవడానికి మీకు హక్కుంది, "వదులుకోకండి" అన్నది మాత్రం బండి గురించి కాదు.

చార్ట్ చూడు:
150కి కొనేవాడికి చార్ట్ కనపడలేదా? అందరి తప్పూ శ్రీను మీద వేస్తే ఎలా?

కృష్ణాతీరం:
చార్ట్ చదవడం రాని మనిషి, తెలిసినవాళ్లని నమ్మాడు. నమ్మడమే తప్పంటావా?

ఫ్రిస్కో వాసు:
ఇది ఇంత దూరం పోతుందనుకోలేదు. నేనైతే ఇప్పుడు కొనడం లేదు. ఆర్2 డెలివరీలు మొదలై, క్రెడిట్లు లేకుండా గ్రాస్ ప్రాఫిట్ చూపించిన క్వార్టర్ వచ్చాక చూస్తా, అప్పటికి ధర పెరిగి ఉంటే పెరిగిందే కొంటా. కొంటే ఎంతకి కొన్నానో, అమ్మితే ఎంతకి అమ్మానో ఇక్కడే రాస్తా. శ్రీను గారూ, మీరు ఆర్2 గురించి రాసినప్పుడు షేర్లు మళ్లీ కొన్నారో లేదో కూడా రాయండి.

ట్రైలర్ శ్రీను:
ఆర్2 గురించి రాస్తా. షేర్ల సంగతి నా ఇష్టం.