గ్రహం నక్షత్రానికి అడ్డు వచ్చే సంభావ్యతను ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న (బెంగళూరు)
జయనగర్‌లో మా మిద్దె మీది టెలిస్కోపుతో సూర్యుడి వంటి ఒక నక్షత్రం వెలుగును కొలుస్తున్నాను. దాని చుట్టూ సుమారు నాలుగు రోజులకొకసారి తిరిగే పెద్ద గ్రహం ఉందని రేడియల్ వెలాసిటీ (నక్షత్రం మన వైపుకు, మన నుంచి దూరంగా కదిలే వేగం) కొలతల వల్ల ఇదివరకే తేలింది. నాకు ఇంతవరకు వెలుగులో తగ్గుదల కనిపించలేదు. ఇక ట్రాన్సిట్ (గ్రహం నక్షత్రానికి అడ్డు రావడం) లేదని నిర్ధారించుకోవచ్చునా?

జవాబు
అప్పుడే నిర్ధారించుకోకండి. కక్ష్య ఎటైనా వాలి ఉండవచ్చనుకుంటే, ట్రాన్సిట్ సంభావ్యత నక్షత్ర వ్యాసార్ధాన్ని కక్ష్య వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. మీ విషయంలో సుమారు 7 లక్షల కిలోమీటర్లను 74 లక్షలతో భాగించాలి, అంటే 9 శాతం పైచిలుకు. భూమి వంటి కక్ష్యకు ఇది అర శాతం కూడా ఉండదు. 2009లో ప్రయోగించిన కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు లక్షన్నర నక్షత్రాలను ఒకేసారి గమనించవలసి వచ్చింది అందుకే.

ఇక మీకు ఏమీ కనిపించకపోవడం ఈ 9 శాతాన్ని ఎంత తగ్గిస్తుందన్నది, ట్రాన్సిట్ జరగగల వేళల్లో ఎంత భాగాన్ని మీరు నిజంగా చూశారన్న దాని మీద ఆధారపడుతుంది. 60 శాతం చూసి ఉంటే, కొత్త సమాచారాన్ని బట్టి సంభావ్యతను సవరించే బేయీస్ సూత్రం ప్రకారం ఇంకా సుమారు 4 శాతం మిగులుతుంది.

మరో జవాబు
పై లెక్క సరైనదే. అయితే కక్ష్య మొత్తాన్ని కాపు కాయనక్కర్లేదండీ, ఎందుకంటే గ్రహం మనకూ నక్షత్రానికీ మధ్యకు వచ్చే వేళను రేడియల్ వెలాసిటీయే చెబుతుంది. 1999లో హెచ్‌డీ 209458 అనే నక్షత్రం దగ్గర ట్రాన్సిట్ అలా ముందుగా లెక్కగట్టిన వేళకే దొరికింది. చిక్కల్లా పాత కొలతలతోనే. కక్ష్యాకాలంలో ఒక్క నిమిషం తేడా ఉన్నా, ఏడాదిలో తొంభై ఒక్క ప్రదక్షిణలకు అది గంటన్నర అవుతుంది. ట్రాన్సిట్ సాగేదే మూడు గంటల పాటు కాబట్టి, ఆ అనిశ్చితిని రెండు వైపులా కలుపుకొని చూడాలి. పలుచని మబ్బు పట్టిన రాత్రులను, అంటే పోల్చి చూడడానికి పక్కన కొలిచే నక్షత్రాల వెలుగే ఒక శాతం అటూ ఇటూ ఊగిన రాత్రులను, దయచేసి లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. కక్ష్యాకాలం నాలుగు రోజులకు కొద్ది నిమిషాలే ఎక్కువ. నేను అంచనా వేసిన వేళ ఈ నెలంతా మధ్యాహ్నమే పడుతోంది.

జవాబు
అలాగైతే అది రాత్రిలోకి జరగడానికి నెలలు పడుతుంది, ఈలోగా మీ 9 శాతం అలాగే ఉంటుంది. అమెరికాలో ఉన్న పరిశీలకులను అడగండి. మన మధ్యాహ్నం వారికి రాత్రి.