ఎంపీ దగ్గర ఫెలోషిప్ చేయనా, గ్రూప్-2 చదవనా?

ఇందూరు_పిల్ల:
మాది నిజామాబాద్ జిల్లా. బీఏ అయిపోయింది, గ్రూప్-2కి చదువుతున్నాను. ఢిల్లీలో ఎంపీల దగ్గర పని చేసే ల్యాంప్ ఫెలోషిప్ గురించి ఈమధ్యే తెలిసింది. ఆ తర్వాత కంపెనీల్లో గవర్నమెంట్ రిలేషన్స్, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వంతో మాట్లాడే ఉద్యోగాలు వస్తాయట. మా నాన్నేమో "పైరవీలు చేసుకు బతుకుతావా?" అంటున్నారు. నాకు జనానికి పనికొచ్చే పని కావాలి. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

సెంట్రల్_హాల్:
చెల్లీ, నేను ఆ ఫెలోషిప్ చేశాను. ఇప్పుడు ఒక కంపెనీలో ప్రభుత్వ వ్యవహారాలు చూస్తున్నాను. చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ 2010 నుంచి దీన్ని నడుపుతోంది. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, వయసు మాత్రం 25 దాటకూడదు.

అసలు పని ఎంపీ సభలో అడిగే ప్రశ్నలు రాయడంలో ఉంటుంది. లోక్‌సభలో మంత్రి లేచి జవాబు చెప్పాల్సిన స్టార్డ్ ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే. నోటీసు కనీసం 15 రోజుల ముందే ఇవ్వాలి. మీ ఊరి సంగతే తీసుకో. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. "పసుపు రైతులకు ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని అడిగితే పథకాల పేర్లన్నీ ఏకరువు పెడతారు, చేతికి ఏమీ చిక్కదు. బోర్డుకు ఈ ఏడాది ఎంత కేటాయించారు, అందులో ఎంత విడుదలైంది, ఎన్ని పోస్టులు మంజూరై ఎన్ని భర్తీ అయ్యాయి అని విడివిడిగా అడిగితే అంకెలు దాటేయడం కష్టం. సభలో ఇచ్చిన జవాబు కాబట్టి రైతు సంఘం వాళ్లు అదే కాగితం పట్టుకుని అధికారులను నిలదీయొచ్చు.

నాన్నగారి భయం ఉత్తిది కాదు. మన దేశంలో లాబీయింగ్‌కు, అంటే ప్రభుత్వాన్ని తమవైపు ఒప్పించుకునే పనికి, ప్రత్యేక చట్టం లేదు, హద్దు మనమే పెట్టుకోవాలి. నా మటుకు నేను ప్రభుత్వాన్ని ఏది అడిగినా రాతపూర్వకంగానే అడుగుతాను. ఇంకో మాట. బిల్లు ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014 నుంచి కేంద్రం విధానం ఉంది. ఆ గడువులో మా కంపెనీల వాళ్లం క్లాజు క్లాజుకీ అభ్యంతరాలు రాసి పంపుతాం. రైతుల తరఫున, కూలీల తరఫున అలా కూర్చుని రాసేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు. నాకు ఇది నిజంగా బాధ. నీలాంటివాళ్లు అటు కూర్చోవాలి.

మండలాఫీసు:
నేను నాయబ్ తహసీల్దార్‌ని. మా దగ్గరికి వచ్చే ముసలాయన పాస్‌బుక్కు సరిచేసి చేతిలో పెట్టడం కూడా పెద్ద పనేనమ్మా, గ్రూప్-2ని చిన్నచూపు చూడకు. కాకపోతే గ్రూప్స్‌కి ఇంకా చాలా ఏళ్లు వయసుంటుంది, దానికి ఉండదు. అది ఫుల్‌టైమ్ పని, పక్కన ప్రిపరేషన్ సాగదు. ఇంట్లో ఆ మాట ముందే చెప్పు.

ఇందూరు_పిల్ల:
థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. పసుపు బోర్డు మీద ఒక ప్రశ్న రాసి ఇక్కడ పెడితే దిద్దుతారా?

సెంట్రల్_హాల్:
తప్పకుండా. ముందు లోక్‌సభ సైట్‌లో బోర్డు మీద వచ్చిన పాత జవాబులన్నీ చదువు. ఇదివరకే జవాబిచ్చిన ప్రశ్నను మళ్లీ తీసుకోరు.