కలలు గుర్తుపెట్టుకోవడం సాధన చేయాలా, మరిచిపోతేనే మంచిదా?

వేకువ:
నాకసలు కలలే రావని పదిహేనేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. అది తప్పని నాలుగు వారాల్లో తేలిపోయింది. దిండు పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను పెట్టుకున్నాను. మొదటి నాలుగు రోజులూ "ఏమీ లేదు" అనే రాశాను. ఐదో రోజు పొద్దున రెండే మాటలు: "నీలం తలుపు". ఇప్పుడు రోజుకు అర పేజీ వస్తోంది.

చేసిందల్లా ఒకటే. మెలకువ రాగానే కదలను, ఫోన్ ముట్టుకోను, ఇవాళ్టి పనుల గురించి ఆలోచించను. ఏ పక్కకు తిరిగి పడుకుని ఉన్నానో అలాగే కళ్లు మూసుకుని, చివరగా ఏం చూశానని నన్ను నేనే అడుగుతాను. బొమ్మ లేకపోయినా భయమో తొందరో ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఆ కొస పట్టుకుంటే దాని ముందుది, ఆ ముందుది వస్తాయి. నాకైతే కల తోక నుంచి తల వైపు గుర్తొస్తుంది.

కనుగుడ్లు వేగంగా కదిలే రెమ్ నిద్ర గురించి 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించారు. ఆ దశలో లేపితే నూటికి సుమారు 80 సార్లు మనుషులు ఏదో ఒక కల చెబుతారు. అంటే మనలో చాలామందికి కలలు వస్తున్నాయి, లేచేసరికి జారిపోతున్నాయి. అందుకే ఇది అందరూ నేర్చుకోవాలంటాను.

తెరచాప:
వేకువ గారూ, ఆ "అందరూ" దగ్గరే నా అభ్యంతరం. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన ఫ్రాన్సిస్ క్రిక్, గ్రేమ్ మిచిసన్‌తో కలిసి 1983లో నేచర్ పత్రికలో ఒక వాదన పెట్టాడు. మెదడు అక్కర్లేని అల్లికలను వదిలించుకునే పనిలోనే కలలు వస్తాయని, వాటిని పట్టుబట్టి గుర్తుంచుకోవడాన్ని బహుశా ప్రోత్సహించకూడదని. అది రుజువైన సిద్ధాంతం కాదు, ఒప్పుకుంటాను. నేను మాత్రం అనుభవించాను.

ఆరు నెలలు రాశాను. రాత్రి మూడింటికి ఒకసారి, నాలుగున్నరకు ఒకసారి అలారం పెట్టుకుని లేచేవాణ్ణి. పగలంతా మత్తు. అదైనా భరించవచ్చు. ఒకరోజు అక్క బీరువా తాళం అడిగితే "ఇచ్చేశాను కదా, నువ్వు ఎర్ర పర్సులో వేసుకున్నావు కూడా" అని గట్టిగా వాదించాను. మాటా మాటా పెరిగింది. అక్క దగ్గర ఎర్ర పర్సే లేదు. సాయంత్రం తాళం నా బ్యాగులో దొరికింది. నోట్‌బుక్ తిరగేస్తే పదకొండు రోజుల కిందటి పేజీలో, నా చేతిరాతలోనే ఉంది ఆ ఎర్ర పర్సు. ఆ రోజే రాయడం మానేశాను.

నిలకడ:
తెరచాప గారూ, మధ్యరాత్రి అలారం అక్కర్లేదండి. రెమ్ దశ సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. పొద్దున మామూలుగా లేచేటప్పుడు చిక్కేదే చాలు. అయితే మీ భయం ఉత్తదేం కాదు. కలలు బాగా గుర్తుండేవాళ్లు రాత్రిళ్లు ఎక్కువసేపు మెలకువగా ఉంటున్నారని ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు గమనించారు.

నాకు మాత్రం ఇది అవసరమైంది. లిఫ్ట్ ఆగకుండా కిందికి పోతూ ఉండే కల ఏడాదిపాటు వచ్చింది. దాన్ని పూర్తిగా రాసి, ముగింపు మార్చి, రోజూ పగటిపూట కాసేపు మనసులో నడిపించుకోమని కౌన్సెలర్ చెప్పారు. పీడకలలకు వాడే పద్ధతే అది. లిఫ్ట్ గోడలో నేనొక తలుపు పెట్టుకున్నాను, తీస్తే వరండా. మూడు వారాలకు ఆ కల పలచబడింది. వివరంగా గుర్తు లేకపోతే తలుపు ఎక్కడ పెట్టేదాన్ని?

తెరచాప:
నిలకడ గారూ, చికిత్స కోసమంటే నాకేం పేచీ లేదు. హాయిగా నిద్రపోయే మనిషికి ఎందుకనేదే నా ప్రశ్న.

వేకువ:
తాళం సంగతి చదివాక "అందరూ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. నేను రాసిన 22 పేజీల్లో తొమ్మిదింట చెప్పులు వెతుక్కుంటూ ఆలస్యమైపోతున్నాను. దానికి అర్థాలు చెప్పను, ఆ శాస్త్రాల మీద నాకు నమ్మకం లేదు. కాకపోతే నాకు ఏ టెన్షనూ లేదని పగలు అందరికీ చెబుతున్న రోజులవి. ఆ తొమ్మిది పేజీలు వరసగా చదివాక అలా చెప్పలేకపోయాను.

ఒట్టో లోవీ సంగతి కూడా చూడండి. నాడులు రసాయనాలతో సంకేతాలు పంపుతాయని చూపించే ప్రయోగం ఆయనకు నిద్రలోనే తట్టింది. లేచి కాగితం మీద గీసుకున్నాడు, పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ తట్టగానే ఈసారి నేరుగా ప్రయోగశాలకే వెళ్లాడు. 1936లో నోబెల్ వచ్చింది. మనకు నోబెల్ రాదు, నిజమే. పోగొట్టుకున్నది ఏమిటో కూడా తెలియదు కదా, నా బాధ అది.

మీ అనుభవం నుంచి ఒకటి నేర్చుకున్నాను. ఇకపై ప్రతి పేజీ పైన ఎర్ర ఇంకుతో "కల" అని రాసి, తేదీ వేసి మొదలుపెడతాను. రేపు సెలవు, అలారం తీసేశాను.