కోయంబత్తూరులో కొన్న 1972 ఫియట్: పాత నంబరు ఉంచుకోవాలా, ఏపీ నంబరు వేయించాలా?

పాలకొల్లు_ఫియట్:
నమస్కారమండి. ఇరవై రోజుల క్రితం కోయంబత్తూరులో ఒక పెద్దాయన దగ్గర 1972 ఫియట్ 1100 కొన్నాను. గేరు స్టీరింగ్ పక్కనే, ఇంజిన్ కంపెనీదే, సీట్లు మాత్రం కొత్తగా కుట్టించారు. సి బుక్, పేరు మార్పు కోసం సంతకాలు పెట్టిన ఫారం 29, 30 ఇచ్చారు. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఎన్ఓసీ ఎప్పుడడిగితే అప్పుడు తీయిస్తానన్నారు. షెడ్డులో వాళ్లేమో ఏడాది దాకా ఆ నంబరు మీదే తిప్పుకోమంటున్నారు, ఏజెంటేమో ఏపీ నంబరు వేయించేద్దాం అంటున్నాడు. నాకైతే ఆ పాత మూడక్షరాల నంబరు పోగొట్టుకోవాలని లేదు. మీరేమంటారు?

తణుకు_జీపు:
ఏపీ నంబరే వేయించండి. నాది కేరళ జీపు, నంబరు మార్చేదాకా ఎక్కడికెళ్లినా ఆపేవారు, ఆపిన ప్రతిసారీ మొదట్నుంచీ కథ చెప్పుకోవాలి. నంబరు మీద మమకారం ఉంటే ఆ ప్లేటు ఇంట్లో గోడకి తగిలించుకోండి.

అమలాపురం_అంబాసిడర్:
ముందు ఆ ఏడాది మాట మర్చిపోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47లో 12 నెలలు అన్నది తన బండితో తానే వేరే రాష్ట్రానికి వచ్చిన ఓనరుకి. మీది కొన్న బండి, అంటే సెక్షన్ 50. అమ్మినాయన 45 రోజుల్లో ఎన్ఓసీ పంపాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలి. మీకు ఇరవై అయిపోయాయి.

ఇది కాగితం గొడవ మాత్రమే కాదండి. బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం రిజిస్టర్లో పేరున్నవాళ్ల మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. చించినాడ వంతెన మీద మీరు ఎవరినో గుద్దితే నోటీసు కోయంబత్తూరు పెద్దాయన ఇంటికి వెళ్తుంది. నమ్మి సంతకాలు పెట్టి ఇచ్చినాయనకి అలా చేయకూడదు, నాకు బాధ కలిగేది అక్కడే. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోపే మీ పేరుకి మార్పించుకోవాల్సింది, రేపే వెళ్లండి.

ఇక నంబరు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చని 2021లో రూల్ వచ్చింది. మీది సరిపోతుంది. కొత్తగా రిజిస్టర్ చేస్తే వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు, కానీ ఇదివరకే నంబరున్న బండికి ఆ నంబరే ఉంచుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. నా ఓటు దానికే. నా అంబాసిడర్‌కి ఇసుజు డీజిల్ ఇంజిన్ ఎక్కించేశారు కాబట్టి నాకా అవకాశం లేదు, మీకుంది, వదులుకోకండి.

రావులపాలెం_రోడ్డు:
నేను ఒప్పుకోను అన్నా. వింటేజ్ అయితే రోజువారీ తిరగడానికి లేదు. ఎగ్జిబిషన్, ర్యాలీ, పెట్రోలు, రిపేరు, అంతే. సంక్రాంతికి పిల్లల్ని ఎక్కించుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దామంటే కుదరదు. మామూలు రిజిస్ట్రేషన్‌కి ఇరవై ఏళ్లు దాటిన కారు కాబట్టి రెన్యువల్ పదివేలు, అయిదేళ్లకోసారి, పైగా లైఫ్ ట్యాక్స్. ఖర్చే, కానీ బండి రోడ్డు మీద ఉంటుంది. మన ఉప్పుగాలికి షెడ్డులో పెట్టిన కారు నడిచే కారు కన్నా ముందే తుప్పు పడుతుంది, ఫ్లోరు ప్లేటు వేలితో నొక్కితే ఊడొచ్చేస్తుంది.

అమలాపురం_అంబాసిడర్:
తీర్థం మాట నిజమే, అది నేను ఆలోచించలేదు. ఏ దారైనా చాసిస్ నంబరు మాత్రం ఇప్పుడే చూసుకోండి. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు, పెయింటు తుడిచి, పల్చటి కాగితం అద్ది పెన్సిలు రుద్దండి. పాత సి బుక్ చేతిరాతది కదా, ఒక్క అంకె తేడా ఉన్నా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపేస్తారు. దిద్దించడానికి కోయంబత్తూరు ఆఫీసుకే వెళ్లాలి, అందుకే ఎన్ఓసీ తీయకముందే చూసుకోవాలి.

పాలకొల్లు_ఫియట్:
పొద్దున్న రుద్ది చూశానండి. మూడుసార్లు రుద్దితే ఒక అంకె దగ్గర రెండుసార్లు 8 వచ్చింది, ఒకసారి 3 లాగా ఉంది. సి బుక్కులో 3. పెద్దాయనకి ఫోన్ చేశాను, ఎన్ఓసీ ఆపమన్నాను, సోమవారం బండితో సహా అక్కడికే వెళ్తున్నాను. ఇన్సూరెన్సు ఆఫీసుకి రేపే. నంబరు సంగతి మా ఆవిడ తేల్చేసింది, తీర్థానికి వెళ్లని కారు మనకెందుకు అంది. ఏపీ నంబరే.